మిషన్ ఆపకున్రి సార్

నాంపల్లి స్టేషన్ దగ్గర పడుతుంటే మెట్రో రైల్లో ఒక ఆడగొంతు వినిపిస్తుంది. తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో ఎక్కడా తడుముకోకుండా ఆ పేరు చెప్పేసి ఊరుకుంటుంది. మొన్న మోకాళ్ల డాక్టరు దగ్గరికి పోతూ ఆ గొంతు విని నాకు ఒళ్లు మండింది. నేను ఆ నాంపల్లిలో పుట్టినవాణ్ని. పెళ్లయ్యేదాకా, అయ్యాక కూడా చాలా ఏళ్లు అక్కడి కిరాయి ఇంట్లోనే ఉన్నవాణ్ని. ఎనభైకి దగ్గర పడ్డాను గానీ ఆ పేరును ఒక్క ముక్కగా పలికిన సందర్భాలు రెండు చేతుల వేళ్లకు మించవు. ఆ యంత్రానికి నాలుక లేదు, పెదవులు లేవు, ఊరితో చుట్టరికమూ లేదు. అన్నీ ఉన్న నేను చిన్నప్పుడు అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కి కండక్టరు ముందు నిలబడి 'స్టేషన్' అనేవాణ్ని. 'ఏ స్టేషన్?' అని వాడు అడిగితే నా కథ ముగిసేది. అచ్చుతో మొదలయ్యే మాటలకు నా మీద కొంచెం దయ ఉండేది కాబట్టి 'అబిడ్స్' అని టికెట్టు తీసుకుని, అక్కడ దిగి, మిగిలిన దూరం నడిచేవాణ్ని. చిన్నతనంలో నా కాళ్లు గట్టిపడింది ఆటలతో కాదు, నత్తితో.

మా ఇల్లు స్టేషను వెనక సందులో, పట్టాలకు మూడు గోడల అవతల ఉండేది. రెండు గదులు, ముందర ఇంత వాకిలి. అప్పట్లో అన్నీ బొగ్గు ఇంజన్లే. అమ్మ ఉతికిన బట్టలు దండెం మీద ఆరేసి, ఏ పని చేస్తున్నా ఒక చెవి పట్టాల వైపే పెట్టి ఉండేది. కూత వినబడగానే చేతిలోది వదిలేసి పరుగెత్తి బట్టలు లోపలికి లాగేది. మా నాయిన అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. తెల్ల ధోవతి మీద మసి చుక్క కనబడితే దుకాణం యజమాని ఊరుకునేవాడు కాదు. పొద్దున పూట బొగ్గు పొగ, కట్టెల పొయ్యి పొగ, అంటుకున్న సర్వపిండి వాసన, నాయనమ్మ నమిలే జర్దా వాసన అన్నీ కలిసి ఆ రెండు గదుల్లో ఇరుక్కుని ఉండేవి. ఇంజను ఆవిరి వదిలినప్పుడు ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు గనక ఇంట్లో అందరూ నోరు మూసుకునేవారు. నేను సరిగ్గా అప్పుడే నోరు తెరిచేవాణ్ని. ఆ చప్పుడులో నా గొంతు నాకు వినబడదు, వినబడకపోతే తడబడదు. ఆకలవుతుందని, అక్క గిచ్చిందని, కందిపప్పు బాగుందని, ఎన్నెన్నో అనేసేవాణ్ని. ఇది నేను సొంతంగా కనిపెట్టిన సంగతి. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే మాట్లాడాలి కదా!

నా నత్తికి వైద్యం నాయనమ్మ శాఖ. రోజూ పొద్దున వసకొమ్మును సాన మీద తేనె వేసి అరగదీసి, చూపుడు వేలితో నా నాలుకకు పట్టించేది. అది చురచుర మండుతుంటే కళ్లు తుడుచుకుంటూ నిలబడేవాణ్ని. "ఏంది కొడుకా, లోపల్నే ఇరికిందా మాట? మింగకు. ఉమ్మెయ్, బయటికి ఉమ్మెయ్" అనేది, మాట కూడా జర్దా లాంటిదే అన్నట్టు. పక్కింటాయన ఎవరో గులకరాళ్లు నోట్లో పెట్టుకుని పాఠం చదివితే నత్తి పోతుందని చెప్పాడు. చదివాను. మూడో రోజున ఒక రాయి మింగాను. ఆ తరవాత రెండు రోజులు మా ఇల్లంతా నా మాట కోసం కాదు, ఆ రాయి కోసం ఎదురు చూసింది.

ఒక్క నత్తి అయితే ఏదోలా బతికేవాణ్ని. దానికి నౌకర్లు కూడా తయారయ్యారు. మాట గొంతులో ఇరుక్కున్నప్పుడు ఒకసారి తొడ మీద చరుచుకున్నాను, మాట టక్కున బయటపడింది. ఇంకేం, మందు దొరికిందనుకున్నాను. నెల రోజులకు ఆ చరుపు పనిచేయడం మానేసింది గానీ అలవాటు మాత్రం పోలేదు. తరవాత ఎడమ మడమతో నేలను తన్నడం మొదలుపెట్టాను. అదీ కొన్నాళ్లు పనిచేసి మొరాయించింది. ఆపైన మెడ కుడివైపుకు విసరడం, ఆపైన కళ్లు గట్టిగా మూయడం. పని చేయని నౌకర్లను పనిలోంచి తీసేయలేని సర్కారీ దఫ్తరు లాగా తయారైంది నా ఒళ్లు. 'కొబ్బరికాయ' అనడానికి తొడ చరిచి, మడమ తన్ని, మెడ విసిరి, కళ్లు మూసి, చివరికి కొబ్బరికాయ లేకుండానే ఇంటికి వచ్చేవాణ్ని. "వీనికి మాటలొస్తలేవు గని డాన్సు మంచిగొస్తది" అనేది మా అక్క సుశీల. వాదించడానికి నా దగ్గర సాధనం లేదు కాబట్టి దాని జడ లాగేవాణ్ని.

బడి సంగతి రాయాలంటే ఇప్పటికీ నా కలం కాగితాన్ని చింపుతుంది. వయసు వల్ల కాదు, కోపం వల్ల. మా తొమ్మిదో తరగతి సారు హాజరు పిలిచేటప్పుడు తల ఎత్తేవాడు కాదు. పేరు చదువుతాడు, 'హాజిర్ సార్' అని వినబడాలి. వినబడకపోతే 'గైర్‌హాజర్' అని గీత కొట్టి తరవాతి పేరుకు పోతాడు. నా హ అనేది సారు మూడు పేర్లు దాటాక గాని బయటికి వచ్చేది కాదు. ముందు వరసలో, ఆయన చేతికర్ర అందేంత దగ్గరలో కూర్చుని ఏడాది పొడుగునా నేను బడిలో లేను. చేయెత్తితే "చెయ్యి కాదు, నోరు" అనేవాడు. పరీక్షల ముందు హాజరు చాలలేదని నన్ను కూర్చోనివ్వలేదు. నాయిన దుకాణంలో అర పూట సెలవు పెట్టుకుని వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, రోజు నేనే తోలిస్తున్న గద, వీడు ముంగటనే కూసుంటడు గద" అన్నాడు. సారు రిజిస్టరు తిప్పి చూపించాడు. "గిండ్ల లేడు. గిండ్ల లేనోడు లేనట్టే." నాయిన ముందు, నేను వెనక ఇంటిదాకా నడిచాం. ఇంటి ముందుకు వచ్చాక, "నువ్వు బడికి పోయినవ్ గద రా?" అని అడిగాడు. అది అడిగినందుకు ఆయన మీద నాకు కోపం పోవడానికి పదేళ్లు పట్టింది. సారు మీద కోపం మాత్రం ఇంకా పోలేదు, పోనివ్వను కూడా.

ఆ విధంగా నా చదువు అబిడ్స్ వెనక సందులో ఒక ప్రింటింగ్ ప్రెస్సుకు మారింది. సీసం అక్షరాలను ఒక్కొక్కటే ఏరి వరసగా పేర్చడం పని. అక్కడ ఎవరూ హాజరు పిలవరు. శుభలేఖలు, కరపత్రాలు, పంచాంగాలు, పద్యాల పుస్తకాలు, ఏది వస్తే అది పేర్చుకుంటూ చదువుకున్నాను. నత్తివాడికి మాటల సంపద చాలా అవసరం. ఒకటి రాకపోతే ఇంకోటి వెంటనే తగిలించాలి. నీరు రాకపోతే ఉదకం, అదీ రాకపోతే 'తాగేది'. ఇరానీ హోటల్లో 'ఉష్ణోదకం' అడిగి పిల్లవాడి చేత తిట్లు తిన్నవాణ్ని అబిడ్స్ మొత్తానికి నేనొక్కణ్నే అయి ఉంటాను. అన్నిటికంటే పెద్ద భాగ్యం ఏమిటంటే ప్రెస్సులో కరెంటుతో అచ్చు కొట్టే ట్రెడిల్ మిషన్లు రెండు ఉండేవి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దడదడ, దడదడ. ఆ మోతలో నేను గలగలా మాట్లాడేవాణ్ని, జోకులు వేసేవాణ్ని. మిషన్ ఆగగానే మళ్లీ మూగ. ప్రెస్సు యజమానికి ఇది తెలుసు. "నీకు కరెంటు మీద నడిచే నోరు ఇచ్చిండు రా దేవుడు" అని నవ్వేవాడు.

ఇరవై అయిదు దాటాక అమ్మ సంబంధాలు చూడడం మొదలుపెట్టింది. ఒకటి రెండు సంబంధాల వాళ్లు నన్ను పలకరించి, నా డాన్సు చూసి, చాయ్ సగంలో పెట్టి వెళ్లిపోయారు. అప్పుడు చాదర్‌ఘాట్ నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు కమల. తండ్రి ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం వ్యాపారి. ఇంటికి రాకుండా, పిలగాడు పనిచేసే చోటే చూస్తానని ఒక మధ్యాహ్నం నేరుగా ప్రెస్సుకు వచ్చాడు. బెల్లం బజారులో అరిచి అరిచి మోతకు అలవాటు పడ్డ మనిషి, మిషన్ల చప్పుడు ఆయనకు లెక్కే కాదు. యజమాని మర్యాదకు, మిషన్ తిప్పే ఆయనతో, "జర మిషన్ బంద్ చెయ్యి, పెద్దమనిషి వచ్చిండు" అన్నాడు. ఆయన చేయి మీట మీదికి పోతోంది. నా నోరు దానంతట అదే అరిచింది.

"మిషన్ ఆపకున్రి సార్! అర్జెంటు పని. సాయంత్రానికి ఇయ్యాలె!"

అర్జెంటు పని ఏదీ లేదు. అప్పుడు అచ్చవుతున్నవి ఎలకల మందు కరపత్రాలు. ఎలకలు ఇంకో వారం ఆగగలవు. యజమాని నా ముఖం చూసి, కానీయమన్నట్టు మిషన్ తిప్పే ఆయనకు చేయి ఊపాడు. బెల్లం వ్యాపారి మాత్రం సంతోషపడిపోయాడు.

"పని మీద గింత ధ్యాస ఉన్న పోరడే గావాలె. ఏం పేరు బిడ్డా?"

"యాదగిరి."

"ఎంత దాక చదివినవ్?"

"తొమ్మిది. మిగిలింది ఈడనే చదువుకున్న, అక్షరాలు పేర్చుకుంట."

"బీడీ గీడీ తాగుతవా?"

"లేదు."

"ఇల్లు ఏడ?"

"నాంపల్లి!" అన్నాను, కావలసిన దానికంటే గట్టిగా. ఆ పేరు అంత స్పష్టంగా అన్నది అదే మొదటిసారి.

ఆ తరవాత పెళ్లిచూపుల్లో అమ్మ, "మా పిలగాడు జర తక్కువ మాట్లాడుతడు" అంటే, ఆయన, "ఏం తక్కువ? నాతోని మంచిగ మాట్లాడిండు" అన్నాడు. నేను తల దించుకుని కూర్చున్నాను. దాన్ని అందరూ వినయం అనుకున్నారు. మా శుభలేఖ నేనే పేర్చాను. నోటికి అందని క చేతికి ఎంత సులువుగా అందిందో! గూటిలోంచి తీసి, తిరగేసి చూసి, వరసలో పెట్టాను. అయిపోయింది.

కాలేదు. మా ఇళ్లలో పెళ్లయ్యాక కొత్త జంట గడప దాటి లోపలికి రావాలంటే ఆడబిడ్డలు తలుపుకు అడ్డం నిలబడతారు. పిల్ల మొగుడి పేరు చెప్పాలి, పిలగాడు పెళ్లాం పేరు చెప్పాలి. చెబితే గాని దారి ఇవ్వరు. ఇది గుర్తుకు వచ్చిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. నా విద్య అంతా మాట మార్చడం. పేరును ఎలా మార్చను? తామర అంటే ఒప్పుకుంటారా? నళిని అంటే ఇంకో ఆడమనిషి ఎవరని అడగరా? చివరికి నా బుర్ర రైలు వైపు తిరిగింది. సాయంత్రం అయిదున్నరకు ఒక బండి స్టేషన్లో ఆవిరి వదులుతుంది. సరిగ్గా అప్పుడు గడప దగ్గర ఉంటే చాలు. చాదర్‌ఘాట్ నుంచి మమ్మల్ని తెచ్చిన జట్కా వాడికి మెల్లగా నడపమని ముందే సైగలతో చెప్పాను. లెక్క ప్రకారం గడప ముందుకు వచ్చి నిలబడ్డాం. ఆ రోజు రైలు ఆలస్యం.

సుశీలక్కకు నా సంగతి తెలుసు కాబట్టి అడ్డం నిలబడినట్టే నిలబడి, "సరే తియ్, లోపలికి రాండ్రి" అంది. కానీ కమల వెంట వచ్చిన ఆమె మేనత్త ఊరుకోలేదు. "గట్లెట్ల ఇడుస్తవమ్మా? పేరు చెప్పాల్సిందే" అంది. వాకిట్లో ముప్ఫై మంది. పట్టాల వైపు నిశ్శబ్దం. నేను నోరు తెరిచాను. క అక్కడే, గొంతు చివర, తలుపు వేసుకుని కూర్చుంది. తొడ మీద చరిచాను. మడమ తన్నాను. మెడ విసిరాను, బాసికం పక్కకు జారింది. కళ్లు మూసుకున్నాను. ఎవరో పిల్లలు నవ్వారు. "అయ్యో, పిలగానికి పాణం బాగలేదా ఏంది?" అని ఒక గొంతు. "కమల అను బాబూ, కమల" అని ఇంకో గొంతు. "సిగ్గు పడుతున్నడు, మనమే చెబుదాం" అని మరొకరు. నా జన్మంతా ఇలాగే గడిచింది. నేను మొదలుపెట్టిన మాటను ఎవరో ఒకరు పూర్తి చేసేస్తారు. సగం మాటలు నావి, సగం ఊరివి.

అప్పుడు నా పక్క నుంచి, ముసుగు కింది నుంచి, గట్టిగా కూడా కాదు, మామూలుగా వినబడింది. "ఆగుండ్రి అత్తా. చెప్తున్నరు గద."

వాకిలి అంతా ఆగింది. ఎంతసేపు ఆగిందో తెలియదు. ఆమె కాలు మార్చుకుని నిలబడింది, అంతే. చివరికి 'క' నాలుగైదు ముక్కలై, దాని వెనక 'మల' ఒక్కసారిగా వచ్చి పడింది. ఆ వెంటనే స్టేషన్లో ఇంజను కూత పెట్టి, ఆవిరి వదిలింది. కమల తన వంతుగా నా పేరు చెప్పింది, ఎవరికీ వినబడలేదు. మేనత్త మళ్లీ చెప్పించింది. ఆ రైలును నేను ఇప్పటికీ క్షమించలేదు.

తెల్లవారి పొద్దున చాయ్ పెడుతూ కమల అడిగింది. "మా బాపు అన్నడు, మిషన్ కాడ మీరు గడగడ మాట్లాడిన్రని. మిషన్‌ల ఏమున్నది?" చెప్పాను. చాయ్ మరిగి, వడగట్టి, తాగడం అయ్యేదాకా చెప్పాను. ఆపవద్దని నేనే అరిచినట్టు కూడా చెప్పాను. ఆమె గిన్నె కడిగి బోర్లించింది. తరవాత, "నత్తి ఉన్నదని చెప్పకపోవుడు వేరే. మిషన్ ఆపొద్దనుడు వేరే" అంది. నాకు కోపం వచ్చింది. ఎవరికైనా రాదా? తువ్వాలు భుజాన వేసుకుని వాకిట్లోకి పోయి కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నమే చాదర్‌ఘాట్ నుంచి కబురు వచ్చింది. మేనత్త వాకిట్లో జరిగిందంతా చెప్పేసినట్టుంది. పిల్లను వెంటనే ఒకసారి పంపమని. అమ్మ "తీస్కపోతే మళ్ల తోలిస్తరో లేదో" అని వంటింట్లో కూలబడింది. నాయిన తాను పోయి మాట్లాడతానన్నాడు. "వద్దు మామా," అంది కమల. "చెప్పాల్సింది ఆయన. ఆయనే వస్తరు." దారిలో నాతో ఒక్కటే అంది. "నేను మధ్యల మాట్లాడ."

చాదర్‌ఘాట్‌లో కమల తండ్రి, మా మామ, దుకాణం మూసి వచ్చి ముందు గదిలో కూర్చుని ఉన్నాడు. ఉస్మాన్‌గంజ్‌లో లేని నిశ్శబ్దమంతా ఆ ఇంట్లో ఉంది. గోడ గడియారం తప్ప చప్పుడు లేదు. నేను 'నేనే' అని మొదలుపెడదామనుకున్నాను. న దగ్గర ఆగిపోయాను. మామ బేరం చేసే మనిషి, ఎదుటివాడి మాట అందుకోకుండా ఉండలేడు.

"నీళ్లు గావాల్నా?"

తల అడ్డంగా ఊపాను. మడమ తన్నాను.

"నాయినకు బాగలేదా? నాంపల్లిల ఏమన్న అయిందా? నగలు గిన తక్కువైనయా? చెప్పు, ఏంది?"

కమల ద్వారం దగ్గర నిలబడి నా వైపే చూస్తోంది. మాట్లాడలేదు. నేను చేయి ఎత్తాను. నా జీవితంలో అంతవరకు ఏ పెద్దమనిషితోనూ అనని మాట అన్నాను.

"ఆ... ఆగుండ్రి మామా. నన్ను చె... చెప్పనియ్యుండ్రి."

ఆయన నోరు మూసుకున్నాడు. చెప్పాను. తొడ చరుచుకుంటూ, మెడ విసురుతూ, నా నౌకర్లందరినీ ఆయన ముందు వరసగా నిలబెట్టి చెప్పాను. మిషన్ ఆపవద్దన్నది నేనే. ఆపితే మీకు తెలుస్తుందని. తెలిస్తే మీరు చాయ్ సగంలో పెట్టి వెళ్లిపోతారని.

మామ ముందుకు వంగాడు. "మరి గా దినం అర్జెంటు పనేంది?"

"ఎలకల మందు" అన్నాను. విచిత్రం, అది మాత్రం ఒక్క ముక్కగా వచ్చింది.

"ఎలకల మందు చూసి ఇచ్చిన్నా నా బిడ్డను!" అని తల పట్టుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. తల ఎత్తి కూతురిని అడిగాడు. "నువ్వేమంటవ్ బిడ్డా? ఉంటవా, పోతవా?"

"పోత బాపూ. మాట గడియ లేటయితది, గంతే" అంది.

మామ వెంటనే మెత్తబడ్డాడని రాస్తే అబద్ధమవుతుంది. ఆ సాయంత్రం కూతురిని పంపాడు గానీ, ఏడాది పొడుగునా ఉస్మాన్‌గంజ్ అంతటికీ నన్ను 'మిషన్ అల్లుడు' అనే పరిచయం చేశాడు. నాకు తగినదే అది.

మా అపార్టుమెంటులో పైఅంతస్తులో ఒక ఎనిమిదేళ్ల పిల్ల ఉంది, నాలాగే. దానికి వారానికి రెండుసార్లు మాటల డాక్టరమ్మ వస్తుంది. బడిలో హాజరుకు చేయెత్తితే చాలట. వినగానే నాకు సంతోషం వేసింది, ఆ వెంటనే మా తొమ్మిదో తరగతి సారు మీద కోపం కొత్తగా పుట్టింది. కానీ చూస్తున్నాను కదా, ఇప్పుడు ఎవరికీ ఎవరి మాటా వినే తీరిక లేదు. ఫోను మాట పూర్తి కాకముందే పెట్టేస్తారు. నత్తి లేనివాళ్లను కూడా చివరిదాకా చెప్పనివ్వరు. ఒక్క మా ఇంట్లో మాత్రం ఆ పద్ధతి చెడలేదు. యాభై ఏళ్లు దాటినా కమల నా మాట ఒక్కటి కూడా తాను పూర్తి చేయలేదు.

దానివల్ల నష్టాలూ లేకపోలేదు. పోయిన వారం ఆమె పొయ్యికి వీపు పెట్టి కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. వెనక పాలు పొంగుతున్నాయి. నేను చూసి "పా... పా..." అని మొదలుపెట్టాను. ఆమె వెంటనే చేట పక్కన పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని, నా ముఖం చూస్తూ ఓపికగా కూర్చుంది. 'పాలు' పూర్తయ్యేసరికి పాలు నేల మీదికి వచ్చాయి, మంట ఆరిపోయింది.

"వేలుతోని చూపియ్యొచ్చు గద!" అంది.

నీకు ముక్కు లేదా, మాడు వాసన రాలేదా అని అడుగుదామనుకున్నాను. "నీ... నీ..." అని మొదలుపెట్టాను. ఆమె మళ్లీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.